కుక్కల మూత్రాశయంలో స్ఫటికాలు, రాళ్లు: ఆహారంతో అదుపు చేసే పద్ధతి

కుక్క మూత్ర పరీక్షలో స్ఫటికాలు కనిపించాయని తెలియగానే యజమాని ఆలోచన తిన్నగా తిండి గిన్నె మీదికి వెళుతుంది. మాంసం మానేయాలా, పాలు ఆపాలా, ఏ ఆహారం కొనాలి అన్న ప్రశ్నలు వరుసగా వస్తాయి. అవి సహజమైన ప్రశ్నలే అయినా, వాటికి ముందు తేల్చుకోవలసినది మరొకటి ఉంది: ఆ స్ఫటికం ఏ రకానిది, అసలు రాయి ఏర్పడిందా లేదా? ఇది తేలకుండా ఆహారం మార్చడం ప్రమాదకరం. ఎందుకంటే ఒక రకం రాయిని కరిగించే ఆహారమే మరో రకం రాయి పెరగడానికి వీలు కల్పించవచ్చు. మూత్రాన్ని ఆమ్లగుణం వైపు తిప్పే ఆహారం స్ట్రువైట్ అనే రకం రాళ్లను కరిగిస్తుంది; అదే ఆహారాన్ని కాల్షియం ఆక్సలేట్ అనే మరో రకం రాళ్లున్న కుక్కకు నెలల తరబడి పెడితే ఉన్న రాయి కరగదు సరికదా, కొత్త రాళ్లు ఏర్పడే ముప్పు పెరుగుతుంది.

ఇంకా ముందుకు వెళ్లే ముందు ఒక హెచ్చరిక. మూత్రం పోయడానికి మళ్లీ మళ్లీ కూర్చుంటూ, ముక్కుతూ, ఒక్క చుక్క కూడా పోయలేకపోతున్న కుక్కను ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఆ దశలో ఆహారంతో చేయగలిగింది ఏమీ లేదు. మగ కుక్క పురుషాంగంలో ఒక ఎముక ఉంటుంది. మూత్రనాళం ఆ ఎముక గాడిలోంచి సాగే చోట వ్యాకోచించలేదు కనుక, మూత్రాశయం నుంచి జారిన చిన్న రాయి సరిగ్గా ఆ ఎముకకు వెనుకభాగంలో ఇరుక్కుంటుంది. దారి పూర్తిగా మూసుకుపోతే రక్తంలో పొటాషియం, వ్యర్థ పదార్థాలు పేరుకుపోయి రెండు మూడు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. వాంతులు, నీరసం, ముట్టుకుంటే నొప్పితో మూలిగేంత గట్టిపడిన పొట్ట కనిపించాయంటే అప్పటికే ఆలస్యమైందని అర్థం. రాళ్లను ఆహారంతో కరిగిస్తున్న రోజుల్లో అవి చిన్నవై నాళంలోకి జారే అవకాశం ఉంటుంది కాబట్టి, మగ కుక్క ఉన్న ఇంట్లో ఈ లక్షణాలు అందరికీ తెలిసి ఉండాలి.

స్ఫటికం వేరు, రాయి వేరు

స్ఫటికాలు సూక్ష్మదర్శినిలో మాత్రమే కనిపించేంత చిన్నవి. ఏ జబ్బూ లేని కుక్కల మూత్రంలో కూడా కొన్ని స్ట్రువైట్ స్ఫటికాలు కనిపించడం మామూలే. ఇన్ఫెక్షన్ లేదు, రాయి లేదు, కుక్క హాయిగా మూత్రం పోస్తోంది, పూర్వం రాళ్ల సమస్య ఏదీ లేదు అన్నప్పుడు, కేవలం ఆ స్ఫటికాల కోసం చికిత్సా ఆహారం మొదలుపెట్టవలసిన అవసరం చాలాసార్లు ఉండదు. ఈ ఒక్క విషయం తెలియక, అవసరం లేని ప్రత్యేక ఆహారాన్ని ఏళ్ల తరబడి తింటున్న కుక్కలు తక్కువేమీ కాదు. యూరేట్, సిస్టిన్ అనే మరో రెండు రకాల స్ఫటికాల సంగతి మాత్రం అలా కాదు. అవి కనిపిస్తే కాలేయంలోనో, జన్యువుల్లోనో కారణం ఉందేమో చూడాలి.

మూత్రం సేకరించిన తీరు కూడా ఫలితాన్ని మార్చేస్తుంది. ఉదయం పట్టిన మూత్రాన్ని సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టి సాయంత్రం ప్రయోగశాలకు ఇస్తే, మూత్రాశయంలో లేని స్ఫటికాలు ఆ సీసాలోనే పుట్టవచ్చు. చల్లబడటం, నిలవ ఉండటం రెండూ స్ఫటికాలు ఏర్పడటానికి తోడ్పడేవే. అందుకే స్ఫటికాల కోసం చేసే పరీక్షకు మూత్రాన్ని చల్లబరచకుండా, వీలైతే గంట లోపల ఇవ్వాలి. ఇంట్లో పట్టాలంటే పొడుగు కాడ ఉన్న గరిటెను సబ్బుతో శుభ్రంగా కడిగి, పూర్తిగా ఆరబెట్టి, కుక్క మూత్రం మొదలుపెట్టిన తరువాత, ఒక్క క్షణం ఆగి, మెల్లగా కిందికి జరపడం సులువైన పద్ధతి. గరిటెను మొదటే చాపితే చాలా కుక్కలు లేచిపోతాయి. ఇన్ఫెక్షన్ ఉందో లేదో తేల్చే కల్చర్ పరీక్షకు మాత్రం ఇలా పట్టిన మూత్రం సరిపోదు. దానికి పశువైద్యులు సూదితో నేరుగా మూత్రాశయం నుంచే మూత్రం తీస్తారు.

రాయి ఉన్నదీ లేనిదీ ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ స్కాన్ చెబుతాయి. స్ట్రువైట్, కాల్షియం ఆక్సలేట్ రాళ్లు ఎక్స్‌రేలో తెల్లగా స్పష్టంగా కనిపిస్తాయి. యూరేట్ రాళ్లు మామూలు ఎక్స్‌రేకు చిక్కకపోవచ్చు, సిస్టిన్ రాళ్లు మసకగా మాత్రమే కనిపించవచ్చు. కాబట్టి ఎక్స్‌రేలో ఏమీ లేదన్నంత మాత్రాన రాయి లేదని నిశ్చయించుకోకూడదు. మరొక మెలిక కూడా ఉంది. మూత్రంలో కనిపించిన స్ఫటికం ఒక రకంగా, లోపల ఉన్న రాయి మరొక రకంగా ఉండవచ్చు. ఆక్సలేట్ రాయి ఉన్న కుక్కకు తరువాత ఇన్ఫెక్షన్ సోకితే మూత్రంలో స్ట్రువైట్ స్ఫటికాలు కనిపిస్తాయి. అందువల్ల పశువైద్యులు ఒక్క స్ఫటికాన్ని చూసి నిర్ణయం తీసుకోరు. మూత్రం పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె; 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం), కల్చర్ ఫలితం, ఎక్స్‌రేలో రాయి తీరు, కుక్క జాతి, వయసు, ఆడదా మగదా అన్నవన్నీ కలిపి అంచనా వేస్తారు.

శస్త్రచికిత్సలో తీసిన రాయినైనా, మూత్రంతో పాటు బయటపడిన రాయినైనా పారేయకుండా విశ్లేషణకు పంపించాలి. దాన్ని కడిగి ఆరబెట్టి, పొడి డబ్బాలో పెట్టాలి. ఫార్మలిన్‌లో వేస్తే స్ట్రువైట్ మరో ఖనిజంగా మారి ఫలితం తప్పుగా వస్తుంది. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 1981లో మొదలైన యూరోలిత్ (మూత్ర మార్గపు రాయి) కేంద్రం వంటి ప్రయోగశాలలు ప్రత్యేకంగా ఈ పని కోసమే ఉన్నాయి. రాయి నడిగర్భంలో ఉన్న ఖనిజం ఒకటి, పై పెంకులో ఉన్నది మరొకటి కావచ్చు. రాయి ఎందుకు మొదలైందో గర్భం చెబుతుంది కాబట్టి ఆ నివేదికను భద్రపరచుకోవాలి. రేపటి ఆహార నిర్ణయాలన్నీ దాని మీదే ఆధారపడతాయి.

అన్ని రాళ్లకూ ఉమ్మడి మందు: నీరు

రాయి ఏ రకమైనా మొదటి చికిత్స నీరే. ఏ ప్రత్యేక ఆహారం కన్నా దీనికే ఎక్కువ విలువ ఇవ్వాలని నా అభిప్రాయం. గ్లాసు నీళ్లలో కరిగిపోయే ఉప్పు చెంచాడు నీళ్లలో వేస్తే అడుగున మిగిలిపోయినట్టే, చిక్కబడిన మూత్రంలో ఖనిజాలు కరిగి ఉండలేక స్ఫటికాలుగా విడిపోతాయి. మూత్రం పలచబడితే ఖనిజాల గాఢత తగ్గుతుంది. కుక్క ఎక్కువసార్లు మూత్రం పోయడం వల్ల, పుట్టిన స్ఫటికాలు రాయిగా ఎదిగే సమయం లేకుండానే బయటికి పోతాయి.

మూత్రం ఎంత చిక్కగా ఉందో చెప్పే కొలత విశిష్ట సాంద్రత, అంటే స్పెసిఫిక్ గ్రావిటీ. రాళ్ల సమస్య ఉన్న కుక్కలో ఇది 1.020 కంటే తక్కువగా ఉండటం లక్ష్యం. దీన్ని రిఫ్రాక్టోమీటర్ అనే చిన్న పరికరంతో కొలవాలి. మనుషుల కోసం తయారైన రంగు మారే పట్టీలలో సాంద్రత గడి కుక్కల విషయంలో నమ్మదగినది కాదు, తెల్ల రక్తకణాల గడి కూడా అంతే.

నీరు పెంచడం ఎలా? పొడి గుళికల ఆహారంలో నీరు సుమారు 10 శాతం ఉంటుంది, డబ్బాల్లో వచ్చే తడి ఆహారంలో 75 శాతం, ఆపైన కూడా ఉంటుంది. గిన్నెలో నీళ్లు ఎన్ని పోసినా, గుళికలు తినే కుక్క తడి ఆహారం తినే కుక్క తీసుకున్నంత మొత్తం నీరు సాధారణంగా తీసుకోదు. కాబట్టి వీలైన చోట తడి ఆహారానికి మారడమే మేలు. అది కుదరనప్పుడు గుళికలనే తడి ఆహారంగా మార్చవచ్చు. లెక్క ఇలా ఉంటుంది: 100 గ్రాముల గుళికల్లో 90 గ్రాముల ఘనపదార్థం, 10 గ్రాముల నీరు ఉంటాయి. ఆ ఘనపదార్థం మొత్తంలో పాతిక శాతం కావాలంటే అందులో 270 గ్రాముల నీరు ఉండాలి, అంటే మనం 260 మిల్లీలీటర్లు కలపాలి. మొదటి రోజే ఇంత పోస్తే కుక్క గిన్నె దగ్గరికి వచ్చి, వాసన చూసి, వెనక్కి తిరుగుతుంది. మొదట రెండు మూడు చెంచాల గోరువెచ్చని నీటితో మొదలుపెట్టి, రెండు వారాల్లో నెమ్మదిగా పెంచాలి. కొన్ని కుక్కలు మెత్తబడిన గుళికలు ఇష్టపడతాయి, కొన్నిటికి గుళికలు కరకరలాడుతూ నీళ్లలో తేలితేనే నచ్చుతుంది. నానబెట్టిన ఆహారం త్వరగా పాడవుతుంది కాబట్టి గంటలో తినకపోతే తీసేయాలి.

ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా కాచిన కోడి మాంసపు నీటిని రుచి కోసం కొద్దిగా కలపవచ్చు. అయితే యూరేట్ రాళ్లున్న కుక్కకు ఇది పనికిరాదు, ఎందుకంటే మాంసంలో ఉండి, శరీరంలో యూరిక్ యాసిడ్‌గా మారే ప్యూరిన్లు అనే పదార్థాలు ఆ నీటిలోకి దిగుతాయి. దాహం పెరుగుతుందని ఇంట్లో ఆహారానికి ఉప్పు కలపడం మాత్రం సరికాదు. కొన్ని చికిత్సా ఆహారాల్లో కంపెనీలే లెక్క చూసి ఉప్పు పెంచుతాయి. గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు, రక్తపోటు ఉన్న కుక్కకు అవి కూడా పశువైద్యులు సరేనంటేనే పెట్టాలి.

నీళ్లు పెంచిన కుక్కను బయటికి తీసుకువెళ్లే వేళలు కూడా పెంచాలి. నిండిన మూత్రాశయంతో పది గంటలు బిగపట్టుకుని పడుకునే కుక్కకు పలచటి మూత్రం వల్ల కలిగే లాభం సగం పోతుంది. రాత్రి పడుకునే ముందు ఒకసారి, తెల్లవారగానే ఒకసారి తప్పనిసరి.

స్ట్రువైట్: ఆహారంతో కరిగే రాయి

మెగ్నీషియం, అమ్మోనియం, ఫాస్ఫేట్ కలిసి ఏర్పడేది స్ట్రువైట్. కుక్కల్లో ఇది దాదాపు ఎప్పుడూ ఇన్ఫెక్షన్ వెంట వచ్చేదే, పిల్లుల్లో అలా కాదు. స్టెఫిలోకాకస్, ప్రోటియస్ వంటి బ్యాక్టీరియా యూరియేజ్ అనే ఎంజైమును తయారుచేసి, మూత్రంలోని యూరియాను అమ్మోనియాగా విడగొడతాయి. దానితో మూత్రం క్షారంగా మారి, రాయికి కావలసిన ముడిసరుకంతా ఒకే చోట సమకూరుతుంది. మూత్ర మార్గం పొట్టిగా ఉండి ఇన్ఫెక్షన్ త్వరగా పైకి పాకే ఆడ కుక్కల్లో ఇది ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే.

ఇలాంటి కుక్కకు వైద్యం రెండు కాళ్ల మీద నడవాలి: సరైన యాంటీబయాటిక్, కరిగించే ఆహారం. ఒకటి లేకుండా రెండోది పనిచేయదు. కరిగించే ఆహారంలో ప్రొటీన్, ఫాస్ఫరస్, మెగ్నీషియం తక్కువగా ఉంటాయి. అది మూత్రాన్ని ఆమ్లంగా, పలచగా ఉంచుతుంది. హిల్స్ ఎస్/డి ఈ పని కోసమే తయారైన ఆహారం. రాయల్ కానిన్ యూరినరీ ఎస్‌ఓ వంటివి కూడా వాడుకలో ఉన్నాయి. ఏది వాడాలన్నది పశువైద్యులు కుక్క ఆరోగ్యాన్ని బట్టి నిర్ణయిస్తారు. ప్రొటీన్ బాగా తగ్గించి, కొవ్వు, ఉప్పు పెంచిన ఆహారం కుక్కపిల్లలకు, గర్భంతో ఉన్న కుక్కలకు, పాలిచ్చే తల్లులకు, గుండె జబ్బున్నవాటికి, పాంక్రియాస్ వాపు వచ్చినవాటికి పనికిరాదు. అందరికీ సరిపోయే డబ్బా లేదు.

కరిగించే కాలంలో ఒక నియమం కఠినంగా పాటించాలి. ఆ ఆహారం, నీరు తప్ప వేరే ఏదీ కుక్క నోట్లో పడకూడదు. ఒక బిస్కెట్టు, ఒక ముక్క జున్ను, భోజనాల బల్ల కింద జారవిడిచిన మాంసం ముక్క, మందు బిళ్లను దాచి ఇచ్చిన మెత్తటి తినుబండారం, ఇవన్నీ మూత్రంలో ఫాస్ఫరస్‌నూ యూరియానూ మళ్లీ పెంచుతాయి. రాయి కరగలేదని వచ్చే యజమానులను వివరంగా అడిగితే, ఇంట్లో ఎవరో ఒకరు ప్రేమతో పెడుతున్న ముక్క బయటపడటం చాలా సాధారణం. మందు బిళ్లను అదే తడి ఆహారంలో ఒక ఉండ చేసి అందులో పెట్టి ఇవ్వవచ్చు.

యాంటీబయాటిక్ విషయంలో తొందరపడకూడదు. మొదటి రెండు వారాల్లోనే రక్తం పడటం, మంట తగ్గిపోయి కుక్క మామూలుగా కనిపిస్తుంది. రాయి మాత్రం ఇంకా లోపలే ఉంటుంది, దాని పొరల్లో బ్యాక్టీరియా ఉంటాయి, రాయి కరిగేకొద్దీ అవి మూత్రంలోకి వస్తాయి. అందువల్ల మందు ఎప్పుడు ఆపాలన్నది పశువైద్యులే చెప్పాలి. సుమారు నాలుగు వారాలకొకసారి ఎక్స్‌రే తీసి రాయి ఎంత తగ్గిందో చూస్తారు. చిన్న రాళ్లు కొన్ని వారాల్లో పోతాయి, పెద్దవాటికి రెండు మూడు నెలలు పట్టవచ్చు. మొదటి రెండు ఎక్స్‌రేలకూ మధ్య రాయి ఏమాత్రం తగ్గకపోతే మూడు అనుమానాలు రావాలి: ఆహారం కచ్చితంగా సాగడం లేదు, ఇన్ఫెక్షన్ లొంగలేదు, లేదా ఆ రాయి స్ట్రువైట్ కాదు.

రాయి పూర్తిగా కరిగిన తరువాత జీవితాంతం అదే ఆహారం పెట్టాలా? ఇన్ఫెక్షన్ వల్ల వచ్చిన రాయి అయితే చాలాసార్లు అవసరం లేదు. ఆ కుక్కను కాపాడేది మళ్లీ ఇన్ఫెక్షన్ రాకుండా చూసుకోవడమే. జననాంగం చుట్టూ చర్మపు మడతలు, ఊబకాయం, మధుమేహం, కుషింగ్స్ జబ్బు (శరీరంలో స్టిరాయిడ్ హార్మోన్ ఎక్కువయ్యే జబ్బు), మూత్రం ఆపుకోలేకపోవడం వంటి కారణాలుంటే వాటిని సరిచేయకుండా ఆహారం మీద ఎంత ఖర్చుపెట్టినా ఫలితం ఉండదు.

కాల్షియం ఆక్సలేట్: కరగని రాయి

ఇది ఏ ఆహారంతోనూ, ఏ మందుతోనూ కరగదు. కరిగిస్తామని చెప్పే పొడులు, చుక్కల మందులు నమ్మదగినవి కావు. బాధపెడుతున్న రాయిని శస్త్రచికిత్సతోనో, లేజర్‌తో పగలగొట్టడం ద్వారానో, బాగా చిన్నదైతే మత్తు ఇచ్చి మూత్రాశయాన్ని నింపి నొక్కి బయటికి పంపే పద్ధతితోనో తీయాలి. ఆహారం పని ఆ తరువాత మొదలవుతుంది: మళ్లీ రాకుండా చూడటం. మినియేచర్ ష్నాజర్, షీ జూ, బిషాన్ ఫ్రీజే, లాసా ఆప్సో, యార్క్‌షైర్ టెరియర్ వంటి చిన్న జాతుల మగ కుక్కల్లో, నడివయసు దాటాక ఇది ఎక్కువ. తీసిన కొన్నేళ్లలోనే మళ్లీ రావడం ఈ రాయి స్వభావం కాబట్టి, యజమాని మొదటి నుంచే ఓపికకు సిద్ధపడి ఉండాలి.

ఆహారం ఎంచుకునే ముందు రక్తంలో కాల్షియం పరీక్షించాలి. అది ఎక్కువగా ఉంటే మెడలోని పారాథైరాయిడ్ గ్రంథి వంటి చోట మూలం ఉండవచ్చు. ఆ మూలాన్ని వదిలేసి తిండి మార్చడం వృథా. అది మామూలుగా ఉంటే, తడి ఎక్కువగా ఉండి, మూత్రాన్ని ఆమ్లంగా మార్చని ఆహారం ఎంచుకోవాలి. మూత్రం పీహెచ్ 6.5 కంటే తగ్గకుండా ఉండటం మంచిది. ఎంత నీరు కలిపినా అది తక్కువగానే ఉంటే పశువైద్యులు మూత్రాన్ని క్షారం వైపు తిప్పే పొటాషియం సిట్రేట్ ఇస్తారు.

ఇక్కడ రెండు పొరపాట్లు తరచూ జరుగుతాయి. కాల్షియం రాయి కదా అని ఆహారంలోంచి కాల్షియం పూర్తిగా తీసేయడం మొదటిది. పేగులో కాల్షియం ఆక్సలేట్‌ను పట్టుకుని మలంతో బయటికి పంపుతుంది. దాన్ని తీసేస్తే ఆక్సలేట్ స్వేచ్ఛగా రక్తంలోకి, అక్కడి నుంచి మూత్రంలోకి చేరుతుంది. కాల్షియం సమతూకంగా ఉండాలి, భోజనంతో పాటే అందాలి. భోజనానికి సంబంధం లేకుండా విడిగా ఇచ్చే కాల్షియం బిళ్లలు మాత్రం వద్దు. రెండో పొరపాటు మూత్ర సమస్యకు మంచిదని విటమిన్ సి ఇవ్వడం. కుక్క శరీరం తనకు కావలసిన విటమిన్ సి తానే తయారుచేసుకుంటుంది, అదనంగా ఇచ్చినదాంట్లో కొంత ఆక్సలేట్‌గా మారుతుంది. విటమిన్ డి అదనంగా ఇస్తే కాల్షియం పెరుగుతుంది. పాలకూర, బీట్‌రూట్, దాని ఆకు, చిలగడదుంప, బాదం వంటి గింజలు ఆక్సలేట్ ఎక్కువగా ఉన్నవి కాబట్టి ఈ కుక్కల గిన్నెలోకి రాకూడదు. మరే జబ్బుకైనా ఫ్యూరోసెమైడ్ (మూత్రం ఎక్కువగా పోయించే మందు) లేదా స్టిరాయిడ్లు వాడుతుంటే ఆ సంగతి పశువైద్యులకు చెప్పాలి. రెండూ మూత్రంలో కాల్షియాన్ని పెంచేవే.

యూరేట్, సిస్టిన్, మిగతావి

డాల్మేషియన్ జాతి కుక్క శరీరం యూరిక్ యాసిడ్‌ను పూర్తిగా విడగొట్టలేదు. ఇది జన్యువులోని లోపం, శుద్ధ డాల్మేషియన్లన్నిటిలోనూ ఉంది. 1973లో ఒక డాల్మేషియన్‌ను పాయింటర్ జాతితో కలిపి, తరతరాలుగా తిరిగి డాల్మేషియన్లతోనే జోడీ కట్టి, ఈ లోపం లేని వంశాన్ని తయారుచేశారు. ఆ వంశపు కుక్కలకు ఈ బాధ లేదు. బుల్‌డాగ్, బ్లాక్ రష్యన్ టెరియర్ వంటి జాతుల్లో కూడా కొన్ని కుక్కలకు ఇదే లోపం ఉంటుంది. ఈ జాతులు కాని చిన్న కుక్కలో యూరేట్ కనిపిస్తే, పేగుల రక్తం కాలేయాన్ని తప్పించుకుని పోతున్న పుట్టుకతో వచ్చే రక్తనాళ లోపం ఉందేమోనని పైత్య ఆమ్లాల రక్తపరీక్ష చేయించాలి. అది ఉంటే ఆహారం తాత్కాలిక సహాయం మాత్రమే.

యూరేట్‌కు ఆహార సూత్రం ప్యూరిన్లు తగ్గించడం. కాలేయం, మూత్రపిండం, గుండె, సార్డీన్, ఆంకోవీ చేపలు, ఈస్ట్ ఇందులో మొదటి శత్రువులు. గుడ్డు, పాల పదార్థాల్లో ప్రొటీన్ ఉన్నా ప్యూరిన్లు చాలా తక్కువ, అందుకే ఈ కుక్కలకు వీటి నుంచే ప్రొటీన్ ఇవ్వడం సాధారణం. మూత్రం పీహెచ్ 7కు దగ్గరగా, కొంచెం పైన ఉండాలి; 7.5 దాటితే కాల్షియం ఫాస్ఫేట్ పేరుకునే ముప్పు ఉంటుంది. డాల్మేషియన్లలో ఆహారంతో పాటు అల్లోప్యూరినాల్ అనే మందు కలిపితే రాళ్లు కరిగే అవకాశం ఉంది. అయితే ప్యూరిన్లు తగ్గించకుండా మందు ఒక్కటే ఇస్తే శాంథైన్ అనే మరో రకం రాయి ఏర్పడుతుంది. మందు వేస్తున్నాం కదా అని ఒక రోజు కాలేయం వేపుడు పెట్టడంలోని ప్రమాదం ఇదే.

సిస్టిన్ రాళ్లు ఎక్కువగా మగ కుక్కల్లో, వృషణాలు తీయనివాటిలో కనిపిస్తాయి. చాలా కుక్కల్లో ఈ జబ్బు మగ హార్మోన్ మీద ఆధారపడి ఉండటం వల్ల వృషణాలు తీసేస్తే మూత్రంలో సిస్టిన్ తగ్గిపోతుంది. ఆహారంలో జంతు ప్రొటీన్, ఉప్పు తగ్గించి, మూత్రాన్ని పలచగా, క్షారం వైపు ఉంచాలి. యూరేట్‌కూ సిస్టిన్‌కూ వాడే ప్రొటీన్ బాగా తగ్గించిన ఆహారాన్ని ఏళ్ల తరబడి తిన్న కొన్ని కుక్కల్లో గుండె కండరం బలహీనపడటం నమోదైంది కాబట్టి, గుండె కండరానికి కావలసిన టారిన్, కార్నిటైన్ అనే పోషకాల గురించి పశువైద్యులను అడగాలి. సిలికా రాళ్లు అరుదు. ధాన్యపు పొట్టు, మొక్కజొన్న గ్లూటెన్ ఎక్కువగా ఉన్న చవక ఆహారం మానేయడం, నీరు పెంచడం దానికి సరిపోతాయి.

ఆహారం మార్చే తీరు, ఇంట్లో కొలిచే తీరు

కొత్త ఆహారాన్ని వారం నుంచి పది రోజుల్లో, పాత ఆహారంలో కలుపుతూ పెంచాలి. రోజుకు ఎన్ని గ్రాములో తూకం వేసి పెట్టాలి; గ్లాసు కొలత నమ్మదగినది కాదు. కుక్క రెండు రోజులు ముట్టకపోతే మొండిగా అదే పెట్టి ఆకలితో మాడ్చకుండా, మరో కంపెనీ చేసిన అదే రకం ఆహారం గురించి అడగాలి. నివారణ దశలో, అంటే కరిగించే దశ ముగిశాక, చిరుతిండి రోజువారీ కేలరీల్లో పదో వంతు మించకుండా, ఆ రాయికి సరిపడేదే ఇవ్వవచ్చు. ఎండబెట్టిన మాంసపు పట్టీలు, నమిలే తోలు ముక్కలు ఏ రకం రాయికీ మంచివి కావు.

ఇంట్లోనే వండి పెట్టాలనుకునేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. అన్నం, కోడి మాంసం, కూరగాయలు కలిపిన వంటకం చూడటానికి శుభ్రంగా ఉంటుంది, కానీ కాల్షియం, జింక్, రాగి, విటమిన్లు అందులో సరిపడా ఉండవు, ఫాస్ఫరస్ నిష్పత్తి తప్పుతుంది. పశువుల పోషకాహార నిపుణులు ఆ కుక్క బరువుకూ, ఆ రాయి రకానికీ లెక్కకట్టి ఇచ్చిన వంటకమైతే సరే. లేకపోతే డబ్బా ఆహారమే సురక్షితం. ఆపిల్ సిడార్ వెనిగర్ రాళ్లను కరిగిస్తుందన్న మాటకు ఆధారం లేదు. క్రాన్‌బెర్రీ బిళ్లలు ఉన్న రాయిని కరిగించవు, ఇన్ఫెక్షన్‌కు మందూ కావు.

పీహెచ్ పట్టీలతో ఇంట్లో కొలవడం ఉపయోగకరమే, కాకపోతే వేళ ముఖ్యం. కుక్క తిన్న కొన్ని గంటల పాటు మూత్రం సహజంగానే క్షారం వైపు మొగ్గుతుంది. ఉదయం తిండికి ముందు ఒక రోజు, సాయంత్రం తిండి తరువాత మరో రోజు కొలిచి, రెండిటినీ పోల్చి కంగారుపడటంలో అర్థం లేదు. రోజూ ఒకే వేళకు, మూత్రం తాజాగా ఉండగానే పట్టీ ముంచి, డబ్బా మీద చెప్పిన సమయానికి రంగు చూసి, తేదీతో రాసి పెట్టుకోవాలి. ఆ పుస్తకంలో రోజుకు ఎన్నిసార్లు పోసింది, రంగు ఎలా ఉంది, రక్తం కనిపించిందా అన్నవి కూడా రాస్తే పశువైద్యులకు పట్టీల అంకెలకంటే ఎక్కువ ఉపయోగపడతాయి.

ఆహారం మార్చిన రెండు నుంచి నాలుగు వారాలకు మూత్ర పరీక్ష చేయించాలి. పీహెచ్, సాంద్రత లక్ష్యానికి చేరాయో లేదో అప్పుడు తేలుతుంది. తరువాత మూడు నుంచి ఆరు నెలలకొకసారి సరిపోతుంది. ఆక్సలేట్ రాయి తీయించుకున్న కుక్కకు మూత్ర పరీక్షతో పాటు ఆరు నెలలకొకసారైనా ఎక్స్‌రే తీయించడం అనవసరపు ఖర్చు కాదు. రాయి ఆవగింజంత ఉన్నప్పుడు కనిపిస్తే కోత లేకుండానే మూత్రంతో బయటికి పంపవచ్చు. కుక్క ముక్కడం మొదలుపెట్టేదాకా ఆగితే మళ్లీ శస్త్రచికిత్స బల్లే గతి. ఇంట్లో రెండో కుక్క కూడా ఉంటే వాటి గిన్నెలను వేర్వేరు గదుల్లో పెట్టి, తినడం అయిపోగానే రెండిటినీ తీసేయాలి.